సుబ్బమ్మగారి పొయ్యి... ప్రకాశంగారి కుర్చీ!

మా ఆడపడుచు కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం. సెలవులకి నెల్లూరు వచ్చినప్పుడల్లా అక్కడి వింతలన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటాడు. పోయిన ఏప్రిల్లో వచ్చినప్పుడు, నంది హిల్స్ వైపు ద్రాక్షతోటల మధ్య వైన్ తయారుచేసే చోటుకి స్నేహితులతో వెళ్ళొచ్చానని మొదలెట్టాడు. పళ్ళు పిండడం దగ్గర్నించి పీపాల్లో నిలవ చేయడందాకా అన్నీ తిప్పి చూపిస్తారట. ఆ తర్వాత చెట్లకింద బల్లలేసి, బొగ్గులమీద కాల్చిన మాంసం వడ్డిస్తారట. దాన్ని బార్బెక్యూ అంటారట. మొగుడూ పెళ్ళాలూ, పిల్లలూ అందరూ కలిసే వెళ్తారట!

నేను బుగ్గలు నొక్కుకున్నాను. వాడు నవ్వి, అంత దూరమెందుకు అత్తా, అలాంటిది మన మైపాడు దారిలోనే ఉంది, రేపు చూపిస్తాను పదమన్నాడు. వేళాకోళమేమో అనుకున్నాను గానీ, మర్నాడు పొద్దున్నే కారు తీసుకొచ్చి నిలబెట్టాడు. మావారు మోకాళ్ళ నొప్పులని రాలేదు. నేనూ, మా ఆడపడుచూ బయల్దేరాం.

నెల్లూరు నుంచి సముద్రానికి వెళ్ళే దారి మీకు తెలిసే ఉంటుంది. వరిచేలు, రొయ్యల గుంటలు, ఆ తర్వాత ఇసుకపర్రల్లో తాటిచెట్లు. వాడు పెద్దరోడ్డు వదిలి ఓ మట్టిదారిలోకి తిప్పాడు. నాలుగు గుంజలమీద తాటాకు కప్పిన పాక. ముందు వరసగా కల్లుకుండలు. పక్కనే మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద ఇనప జల్లెడ. పొద్దున పడవల్లో వచ్చిన కానగంతలకి ఉప్పూ కారం పట్టించి ఒకావిడ నిప్పులమీద కాలుస్తోంది. ఆ కమ్మటి వాసన దారిదాకా వస్తోంది. మావాడు చెప్పిన వైనరీ ఇదే! భర్త తెల్లవారుజామున చెట్లెక్కి కల్లు దించుతాడు, భార్య చేపలు కాలుస్తుంది.

నిజం చెప్పొద్దూ... నాకు కారు దిగబుద్ధి కాలేదు. కల్లంగడి అంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. దానికి రెండు కారణాలు. ఒకటి, మా చిన్న మేనమామ సారాయికి బలైపోయాడు. మా అత్తయ్య మెడలో పసుపుతాడు తప్ప మరేం మిగల్లేదు. రెండోది, మా నాయన. ఆయన ఒంగోలు ప్రాంతం మనిషి. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పటం ఉండేది. పులిలాంటి ఆ మనిషిని చివరికి కల్లుముంతలు కుర్చీలోంచి దించేశాయని మా నాయన చెప్పి చెప్పి బాధపడేవాడు. ఆ కోపం ఆస్తిలాగా నాకూ వచ్చింది.

మా ఆడపడుచు మాత్రం అప్పుడే దిగి ఆ పొయ్యిదగ్గర చతికిలబడి కబుర్లు మొదలెట్టేసింది. తప్పక నేనూ దిగాను. నా కోసం ఆవిడ తాటిముంజలు తెచ్చి ఆకులో పెట్టింది. అవి తింటూ, ఆ పొగలో కళ్ళు చికిలించుకుంటూ పనిచేసుకుంటున్న ఆవిడ్ని చూస్తుంటే నాకు ఉన్నట్టుండి మా నాయన చెప్పిన మరో పొయ్యి గుర్తొచ్చింది. అది ప్రకాశంగారి అమ్మ సుబ్బమ్మగారి పొయ్యి.

ఇంటికొచ్చాక మా నాయన దాచుకున్న పుస్తకాలు దుమ్ము దులిపి మళ్ళీ చదివాను. ప్రకాశంగారు తన కథ తానే నా జీవితయాత్ర అన్న పేరుతో రాసుకున్నారు. ఈ తరం ఆడపిల్లల్ని అడిగితే ఆయన పేరు మీద బెజవాడలో బ్యారేజీ, ఒంగోలు దగ్గర జిల్లా ఉన్నాయంటారు. అంతవరకే. ఆయన బతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసుకుంటే, మన వంటింటికీ రాజ్యానికీ ఎంత దగ్గర చుట్టరికమో తెలుస్తుంది.

పూటకూళ్ళమ్మ కొడుకు

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఇప్పుడది ప్రకాశం జిల్లాలో ఉన్నా, ఆ రోజుల్లో ఒంగోలు తాలూకా అంతా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు కలిసింది. అంటే పుట్టుకతో ఆయన మన నెల్లూరు సీమ బిడ్డే. తండ్రి గోపాలకృష్ణయ్యగారు. ప్రకాశంగారికి పదకొండో ఏట ఆయన పోయారు.

సుబ్బమ్మగారి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. 1880ల నాటి మాట. భర్త పోయిన బ్రాహ్మణ ఇల్లాలు. చుట్టూ పిల్లలు. చదువు లేదు, ఉద్యోగమన్న మాటే లేదు. ఆ రోజుల్లో అలాంటి ఆడవాళ్ళకి మిగిలేది అన్నదమ్ముల పంచన ఒక మూల. సుబ్బమ్మగారు ఆ మూలకి వెళ్ళలేదు. పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. కోర్టు పనులమీదా, కచేరీ పనులమీదా ఊళ్ళోకి వచ్చేవాళ్ళకి పూటకింతని డబ్బు తీసుకుని అన్నం పెట్టడమే ఆ పని.

ఇప్పుడైతే కర్రీ పాయింటు పెట్టిన అమ్మాయిని మన పేజీల్లోనే ఫోటో వేసి మెచ్చుకుంటాం. అప్పుడలా కాదు. అన్నం అమ్ముకోవడమంటే చాలా చిన్నచూపు. పూటకూళ్ళమ్మ అన్న మాటలోనే ఒక ఎత్తిపొడుపు ఉండేది. ఆ మాట పడుతూనే ఆవిడ పిల్లల్ని పెంచింది. ఆ పొయ్యి పొగలోనే ఆంధ్రకేసరి పెరిగాడు.

పిల్లవాడు కుదురైనవాడేం కాదు. అల్లరి. పైగా నాటకాల పిచ్చి. అయితే బడిలో చెప్పే హనుమంతరావు నాయుడుగారికి ఈ కుర్రాడంటే ప్రాణం. ఆయన రాజమండ్రి వెళ్ళిపోతూ, అక్కడ చదువు బాగుంటుందని ప్రకాశాన్ని తనతో తీసుకెళ్ళారు. కన్నకొడుకుని అంతదూరం మరొకరి చేతిలో పెట్టడానికి ఆ తల్లికి ఎంత గుండెధైర్యం కావాలి! చదువు ఒక్క గంతులో ఏం పూర్తవలేదు. మెట్రిక్ ఒకసారి తప్పారు. అయినా ప్లీడరు కావాలన్న పట్టు మాత్రం వదల్లేదు. మద్రాసు వెళ్ళి రెండో తరగతి ప్లీడరు పరీక్ష ప్యాసై రాజమండ్రిలోనే వకీలుగా స్థిరపడ్డారు. చూస్తుండగానే పేరూ, డబ్బూ వచ్చాయి. ఆ ఊరి మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు.

అమ్మకిచ్చిన మాట

రెండో తరగతి ప్లీడర్లకి పెద్ద కోర్టుల్లో వాదించే హక్కు లేదు. బారిస్టరైతే ఉంటుంది. దానికి సీమకి వెళ్ళాలి. సముద్రం దాటితే వెలివేసే రోజులవి. 1904లో ఆయన ఇంగ్లండు బయల్దేరారు. అక్కడ మాంసం ముట్టననీ, పొగ తాగననీ అమ్మకి మాటిచ్చి ఓడెక్కారు. అక్కడ చదువుకుంటూనే, దాదాభాయి నౌరోజీ పార్లమెంటుకి పోటీ చేసినప్పుడు ఆయన కోసం పనిచేశారు.

1907లో బారిస్టరై మద్రాసు తిరిగొచ్చారు. అప్పటికి మద్రాసు హైకోర్టులో పేరున్న వకీళ్ళు చాలావరకు తమిళులు, తెల్లవాళ్ళు. వాళ్ళ మధ్య ఈ తెలుగు బారిస్టరు నిలదొక్కుకోవడమే కాదు, చేతులారా సంపాదించారు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికకి సంపాదకుడయ్యారు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చినప్పుడు, సభకి అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకుతుంటే ఆయన ముందుకొచ్చారు. అంటే కడుపు నిండినా లోపలి నిప్పు ఆరలేదన్నమాట.

1921లో గాంధీగారి పిలుపుకి ఆ సంపాదనంతా వదిలేశారు. నల్లకోటు విప్పేసి ఖద్దరు కట్టారు. స్వరాజ్య అనే పత్రిక పెట్టారు. ఇంగ్లీషులోనే కాదు, తెలుగు, తమిళాల్లో కూడా నడిపారు. పత్రికంటే కన్నబిడ్డకన్నా ఎక్కువ ఖర్చు! ఉన్న ఆస్తంతా దానికే ధారపోశారు. ఇంకా చాలక అప్పులూ చేశారు. చివరికి ఆ పత్రిక నిలవలేదు, ఆస్తీ మిగల్లేదు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. పారిస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఒక కుర్రవాడు నేలకొరిగాడు. అతన్ని చూడ్డానికి వెళ్తున్న ప్రకాశంగారికి తుపాకులు అడ్డం పెట్టారు. ఆయన చొక్కా గుండీలు విప్పి, రొమ్ము చూపించి, కాల్చుకోమని నిలబడ్డారు. మా నాయన ఈ ముక్క చెప్పేటప్పుడు తన చొక్కా గుండీలు కూడా విప్పేవాడు! ఆ రోజు నుంచి ఆయన ఆంధ్రకేసరి. అప్పటికి ఆయనకి యాభై ఆరో యేడు నడుస్తోంది. కుర్రతనపు ఆవేశమేం కాదు మరి.

తాటిచెట్టుకి తాళం

ఇక కల్లు సంగతికొస్తాను. మన దేశంలో మద్యం మీద పన్ను తెల్లదొరల ప్రభుత్వానికి బంగారుబాతు. అందుకే గాంధీగారి ఉద్యమంలో ఖద్దరు ఎంత ముఖ్యమో, కల్లంగళ్ళ ముందు పికెటింగూ అంతే ముఖ్యమైంది. అంగడి ముందు నిలబడి దండం పెట్టి, లోపలికి పోవద్దని బతిమాలడం. ఈ పనికి ఆడవాళ్ళు ముందుకు రావాలని గాంధీగారు ప్రత్యేకంగా కోరేవారు. తాగొచ్చిన మొగుడి చేతి దెబ్బ తెలిసినవాళ్ళకే ఆ బాధ తెలుస్తుందని ఆయన నమ్మకం కాబోలు.

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. రాజాజీ ప్రధాని, ప్రకాశంగారు రెవెన్యూ మంత్రి. జమీందార్ల కింద నలిగిపోతున్న రైతుల కష్టాలు విచారించే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలైంది. మర్నాటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. ఖజానాకి పడ్డ గండి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. ఇవాళ మనం చీర కొన్నా, సబ్బు కొన్నా కట్టే పన్నుకి పూర్వీకురాలు ఇదే! యుద్ధం వచ్చి మంత్రివర్గం దిగిపోవడంతో నిషేధమూ వెనకబడింది. 1946లో ప్రకాశంగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. ఆ కుర్చీ ఏడాది కూడా నిలవలేదు గానీ, నిషేధం మాత్రం మళ్ళీ వేళ్ళూనుకుంది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమల్లోకొచ్చింది. అంటే తడ నుంచి ఇచ్ఛాపురందాకా కోస్తాలో తాటిచెట్లన్నిటికీ తాళం పడినట్టే.

ఇల్లాళ్ళు సంతోషించారు. ఎందుకు సంతోషించరు? కూలిడబ్బు ఇంటికి రావడం మొదలైంది. కానీ అక్కలారా, తాటిచెట్టు ఎక్కడమే తప్ప మరో పని రానివాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? నేనైతే ఆలోచించలేదు. ఆ రోజు ఆ పొయ్యిదగ్గర కూర్చునేదాకా!

తాటికల్లు అంటే ఎవరూ వండేది కాదు. గెలకి గాటు పెడితే కుండలోకి కారే తియ్యటి నీళ్ళు. కుండ లోపల సున్నం రాస్తే అది పులవదు. అదే నీరా. సున్నం లేకపోతే గాలిలోని ఈస్టు చేరి గంటల్లో పులిసి కల్లవుతుంది. పొద్దున దించింది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. నిషేధం రోజుల్లో ప్రభుత్వం గీతవాళ్ళని నీరా దించుకొమ్మంది, బెల్లం కాచుకొమ్మంది, సహకార సంఘాలు పెట్టుకొమ్మంది. వినడానికి బాగానే ఉంది.

ఆ చేపలు కాల్చే ఆవిడ వాళ్ళ అవ్వ కాలం సంగతులు చెప్పుకొచ్చింది. బెల్లం కాయాలంటే గంటల తరబడి కాగాలి. కట్టెలు ఎక్కడివి? ఇసుకపర్రల్లో పుల్ల దొరకదు. కాచి కాచి అవ్వ కళ్ళు పోయాయట. తీరా అమ్మబోతే కట్టెల ఖరీదు కూడా రాలేదట. తాత రాత్రిళ్ళు దొంగతనంగా చెట్టెక్కి, చీకట్లో కాలుజారి పడి నడుం విరగ్గొట్టుకున్నాడట. పోలీసులొచ్చి కుండలు పగలగొట్టిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదట. ఇవన్నీ ఆవిడ ఏ కోపమూ లేకుండా, చేపలు తిరగేసుకుంటూ చెప్పింది. వింటున్న నాకే చేతిలో ముంజె అలాగే ఉండిపోయింది.

ఒక్క ఓటు

మన రాష్ట్రం మనకి కావాలని నెల్లూరు జిల్లాతో అనుబంధమున్న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలిచ్చారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. మొదటి ముఖ్యమంత్రి ప్రకాశంగారు. వయసు ఎనభై ఒకటి! మనవల్ని ఆడించుకుంటూ పడక్కుర్చీలో ఉండే వయసులో, రాజధానిలో కచేరీలకి సరైన భవనాలు కూడా లేని రాష్ట్రాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఉన్నది ఏడాది పైచిలుకే. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. కృష్ణమీద కొత్త బ్యారేజీ పనికి అంకురం పడింది.

కానీ మద్రాసు నుంచి విడిపోతూ తెచ్చుకున్న వాటిల్లో మద్యనిషేధం కూడా ఉంది. ఖజానాలో డబ్బు లేదు. పల్లెల్లో దొంగసారా కాగుతూనే ఉంది. గీత కార్మికులు పనుల్లేక రోడ్డున పడ్డారు. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తిగారి ఆధ్వర్యంలో కమిటీ వేసింది. నిషేధం ఎత్తేయడమే మంచిదని కమిటీ తేల్చింది. ప్రభుత్వం మాత్రం ఆ సిఫార్సుని అమలు చేయలేదు. గౌతు లచ్చన్నగారి నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహం చేశారు. ఎందరో జైళ్ళకి వెళ్ళారు. ఇందులో విచిత్రం చూడండి. ఒకప్పుడు కల్లంగడి మూయమని సత్యాగ్రహం, ఇప్పుడు తాటిచెట్టు ఎక్కనివ్వమని సత్యాగ్రహం. రెంటికీ గురువు గాంధీగారే!

చివరికి శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. 1954 నవంబరు 6న ఓట్లు లెక్కపెడితే ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆంధ్రకేసరి కుర్చీ దిగారు. కొద్దిరోజుల్లో రాష్ట్రపతి పాలన వచ్చింది.

మా నాయన కథ ఎప్పుడూ ఇక్కడే ఆగిపోయేది. కల్లువాళ్ళు కూలదోశారనేవాడు. ఇన్నాళ్ళూ నేనూ అదే నమ్మాను. ఇప్పుడు చదువుతుంటే మరొకటి తోచింది. ఆ రోజు సభలో అటు ఓటేసినవాళ్ళూ, ఇటు ఓటేసినవాళ్ళూ దాదాపు అందరూ మగవాళ్ళే. నిషేధం ఉంటే ఎవరింట్లో పొయ్యి వెలుగుతుందో, పోతే ఎవరింట్లో ఆరుతుందో ఆ ఆడవాళ్ళని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? మా అత్తయ్యలాంటి వాళ్ళనీ అడగలేదు, ఈ చేపలావిడ అవ్వలాంటి వాళ్ళనీ అడగలేదు. పూటకూళ్ళమ్మ కొడుకైన ప్రకాశంగారికి ఆడదాని పొయ్యి విలువ తెలియదని నేననను. తెలిసే ఉంటుంది. తాగుబోతుల ఇళ్ళ పొయ్యిలు ఆయనకి కనిపించి ఉంటాయి. తాటిచెట్టు కిందున్న పొయ్యి దాకా చూపు ఆనలేదేమో! పదవి పోయినా ఆయన జనాన్ని వదల్లేదు. ఎనభై నాలుగేళ్ళ వయసులో, నడివేసవిలో ఒంగోలు ప్రాంతం తిరిగి వడదెబ్బ తగిలించుకున్నారు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వెనకేసుకున్నదేమీ లేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే, 1972లో దానికి ఆయన పేరు పెట్టారు.

అడగకపోతే మేమే చెబుతామన్నారు

ఆ తర్వాత కోస్తాలో నిషేధమూ సడలిపోయింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో ఊరూరా పారింది. మా మేనమామ పోయింది ఆ ప్యాకెట్లతోనే. అప్పుడు లేచారు మన జిల్లా ఆడవాళ్ళు! అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వెళ్ళి, సీతమ్మ కథ అనే పాఠం చదువుకుని, ఇది మా కథేనని దూబగుంటలో సారాయంగడి మూయించారు. 1992లో జిల్లా అంతా అంటుకుంది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ పోయిందనుకోండి. అది వేరే కథ.

ఆ ఉద్యమంలో నేను చేసిందేముంది? టౌన్లో వరండాలో కూర్చుని పేపరు చదివాను. మరి ఆ చేపలు కాల్చే ఆవిడ? చెబితే నమ్మరు. వాళ్ళ ఊళ్ళో సారాయంగడి మీదికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఆవిడా ఒకతి! అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. మొగుడు కల్లు గీస్తుంటే నువ్వెలా వస్తావని ఎవరో ఎగతాళి చేశారట. తన తమ్ముడు సారాయికి పోయాడనీ, చెట్టు కల్లు వేరు, ప్యాకెట్ సారా వేరనీ, తేడా తెలిసినదాన్ని కాబట్టే వస్తున్నాననీ చెప్పిందట.

అలాగని కల్లుకి నేను వత్తాసు పలకడంలేదు సుమండీ. ఆ పాకలో కూడా పొద్దున్నే ముంత పట్టుకుని కూర్చున్నవాళ్ళని చూశాను. వాళ్ళ ఇళ్ళల్లో ఎదురుచూసే ఆడవాళ్ళు ఉండే ఉంటారు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆడవాళ్ళు వచ్చి చెప్పినవాళ్ళకి మూడో ముంత పోయనివ్వదట. మొగుడితో దానికోసం రోజూ పోట్లాటేనట.

చూశారా! 1954లో అంతమంది పెద్దలు ఒక్క ఓటు దగ్గర కొట్టుకున్న చిక్కుని, ఈవిడ రోజూ పొయ్యిదగ్గర తనకి చేతనైనట్టు విప్పుకుంటోంది. పూర్తిగా విడుతుందా అంటే విడదు. కానీ తాగేవాడి పెళ్ళాం గురించీ, దించేవాడి పెళ్ళాం గురించీ ఇద్దరి గురించీ ఆలోచించేది మాత్రం ఆవిడే.

వచ్చేటప్పుడు ఆవిడ కాల్చిన రొయ్యలు తాటాకు దొన్నెలో పెట్టిచ్చింది. డబ్బులివ్వబోతే ముంజలకి మాత్రం వద్దంది. మావాడు ఇంకేముంది అత్తా, బెంగుళూరు వైనరీకన్నా ఇదే బాగుందా అని ఆట పట్టించాడు. నేనేం చెప్పలేదు.

ఇంటికొచ్చి ప్రకాశంగారి పటం దుమ్ము తుడిచాను. ఆయన మీద భక్తి రవ్వంత కూడా తగ్గలేదు నాకు. రొమ్ము చూపించిన ధైర్యానికీ, ఆస్తి ధారపోసిన మనసుకీ ఎప్పుడూ దండమే. కానీ ఆ పటం పక్కన మరో పటం ఉంటే బాగుండుననిపించింది. పొయ్యి ఊదుతున్న సుబ్బమ్మగారి పటం. అది నా దగ్గర లేదు. ఎలా ఉండేదో ఊహించుకుందామని కళ్ళు మూసుకుంటే, మైపాడు దారిలో పొగకి కళ్ళు చికిలించుకున్న ఆవిడ మొహమే కనిపించింది. మా నాయన ఉంటే కోప్పడేవాడో ఏమో! కాసేపు ఆగి, ఔను గదే అమ్మాయ్ అనేవాడనే నాకనిపిస్తోంది.